కారు హెడ్‌లైట్: హాలోజన్‌తోనే ఉండాలా, ఎల్‌ఈడీకి మారాలా?

రాత్రి రోడ్డు సరిగా కనబడటం లేదని విజయవాడ ఆటోనగర్‌లో ఏ దుకాణం ముందు కారు ఆపినా "ఎల్‌ఈడీ వేయించుకోండి సార్, పట్టపగల్లా ఉంటుంది" అంటారు. పావుగంటలో పని అయిపోతుంది. ఎదురుగా గోడ మీద తెల్లటి వెలుగు పడగానే ఇచ్చిన డబ్బుకు న్యాయం జరిగినట్టే ఉంటుంది. కానీ హెడ్‌లైట్ ఉన్నది గోడ కోసం కాదు. డిమ్‌లో యాభై అరవై మీటర్ల దాకా తారు కనబడాలి, ఎడమపక్క మట్టి అంచు కనబడాలి, వెనక లైట్లు లేని ట్రాక్టరు ట్రక్కు, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం చుట్టూ పేర్చిన రాళ్లు కనబడాలి. అదే సమయంలో ఎదుటి బండివాడి కళ్లు చెదరకూడదు. ఈ రెండూ కలిపి చూస్తేనే ఏ బల్బు మంచిదో తేలుతుంది.

ముందు జబ్బేమిటో తెలుసుకోండి

వెలుగు తగ్గిందంటే తప్పు బల్బుదే అనుకోనక్కర్లేదు. పాత కార్లలో ఎక్కువసార్లు దొరికే కారణాలు మూడు: మసకబారిన హెడ్‌లైట్ అద్దం, బల్బు దాకా చేరని వోల్టేజీ, దారి తప్పిన గురి. ఈ మూడూ అలాగే ఉండగా ఎంత ఖరీదైన బల్బు వేసినా ప్రయోజనం సగమే.

మనం అద్దం అంటున్నది ఇప్పటి కార్లలో గాజు కాదు, పాలీకార్బొనేట్ ప్లాస్టిక్. దాని మీద ఎండను తట్టుకునే పల్చని పూత ఉంటుంది. ఏళ్ల తరబడి ఎండలో నిలిపిన కారుకు ఆ పూత చచ్చిపోయి, అద్దం పసుపెక్కి పాలిపోతుంది. అలాంటి అద్దంలోంచి వచ్చే వెలుగు రోడ్డు మీదికి పోకుండా నలుదిక్కులా చెదురుతుంది. దాని వెనక ఎల్‌ఈడీ పెడితే చెదిరేది ఇంకా పెరుగుతుంది, అంతే. బాగుచేయడం కష్టమేమీ కాదు. చుట్టూ పెయింటుకు మాస్కింగ్ టేపు వేసి, నీళ్లు చల్లుతూ 800, 1500, 2000, 3000 నంబరు వాటర్ పేపర్లతో ఈ వరుసలోనే రుద్దాలి. పసుపు నీళ్లు కారడం ఆగే వరకు మొదటి పేపరు వదలకూడదు. ఆఖరున యూవీ క్లియర్ కోటు తప్పనిసరి. టూత్‌పేస్టుతో రుద్దితే మెరుపు వచ్చేమాట నిజమే కానీ, పూత లేని ప్లాస్టిక్ కొద్ది నెలల్లోనే మళ్లీ పసుపెక్కుతుంది.

వోల్టేజీ సంగతి మల్టీమీటరు చెబుతుంది. ఇంజన్ ఆన్ చేసి, లైట్లు వేసి, ముందు బ్యాటరీ దగ్గర కొలవండి. 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటరు బాగున్నట్టే. తర్వాత బల్బు కప్లర్ (బల్బు వెనక వైర్లు తగిలే ప్లగ్గు) తీయకుండా, బల్బు వెలుగుతూ ఉండగానే, కప్లర్ వెనకనుంచి మీటరు పిన్ను దూర్చి కొలవండి. కప్లర్ పీకి కొలిస్తే కరెంటు పారదు కాబట్టి పూర్తి వోల్టేజీ చూపించి మోసం చేస్తుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు. రెండు రీడింగులకూ తేడా అర వోల్టు దాటితే వైరింగులోనో, స్విచ్చులోనో, ఎర్త్‌లోనో లోపం ఉంది. హాలోజన్ (ఫిలమెంటు అనే తీగ వేడెక్కి వెలిగే మామూలు బల్బు) వెలుగు వోల్టేజీతో పాటు సమానంగా తగ్గదు, దాదాపు మూడున్నర ఘాతంలో పడిపోతుంది. లెక్క వేసి చూడండి: 13.2 వోల్టులు అందాల్సిన బల్బుకు 12.2 మాత్రమే అందితే వెలుగులో దాదాపు పావువంతు పోయింది. కంటికి అది పసుపుపచ్చటి, నీరసమైన వెలుగుగా కనిపిస్తుంది. బల్బు పాతబడిందనుకుని కొత్తది కొంటారు, అదీ అలాగే వెలుగుతుంది.

మీ దీపం ఏ రకం?

బల్బు నంబరు యజమాని పుస్తకంలో ఉంటుంది, పాత బల్బు అడుగు మీదా చెక్కి ఉంటుంది. ఆల్టో, పాత వ్యాగన్ఆర్ వంటి కార్లలో కనిపించేది హెచ్4. ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు, హైకి 60 వాట్లు, డిమ్‌కు 55 వాట్లు. హెచ్7, హెచ్11 ఒక్కొక్క ఫిలమెంటువి, 55 వాట్లు. హై, డిమ్ వేరువేరు గిన్నెల్లో (హెడ్‌లైట్ లోపల బల్బు కూర్చునే భాగాల్లో) ఉండే కార్లలోనూ, ప్రొజెక్టర్లలోనూ ఇవే ఎక్కువ. హెచ్‌బీ3 సాధారణంగా హై బీమ్‌కు వాడతారు. ఫ్యాక్టరీ నుంచే ఎల్‌ఈడీ హెడ్‌లైట్ వచ్చిన కార్లలో చాలావాటికి మార్చేందుకు బల్బంటూ ఉండదు. చెడిపోతే మొత్తం హెడ్‌లైట్ మార్చాల్సిందే.

నంబరు కన్నా ముఖ్యమైనది గిన్నె తీరు. లోపల అద్దంలా మెరిసే గిన్నె మాత్రమే ఉంటే అది రిఫ్లెక్టరు. గోళీలాంటి ఉబ్బెత్తు గాజు కటకం ఉంటే అది ప్రొజెక్టరు. ఎల్‌ఈడీ వేయాలా వద్దా అన్న నిర్ణయంలో సగం ఇక్కడే తేలిపోతుంది.

ఎందుకంటే హెచ్4 బల్బును దగ్గరగా చూడండి. డిమ్ ఫిలమెంటు కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది. ఆ ఫిలమెంటు వెలుగు గిన్నె కింది సగానికి తగలకుండా అది ఆపుతుంది. పై సగానికి తగిలిన వెలుగు మాత్రమే కిందికి వంగి రోడ్డు మీద పడుతుంది. గోడ మీద వెలుగు ఆగి చీకటి మొదలయ్యే అడ్డగీత, ఎడమవైపు పైకి లేచే మొన, అన్నీ ఆ దొప్ప అంచు గీసినవే. ఆ ఫిలమెంటు పొడవు సుమారు ఐదు మిల్లీమీటర్లు, మందం ఒకటిన్నర మిల్లీమీటరు లోపే. గిన్నెలోని ప్రతి వంపునూ ఆ సన్నటి తీగ సరిగ్గా అక్కడే ఉంటుందన్న నమ్మకంతో మలిచారు. వెలుగు పుట్టే చోటు ఒక్క మిల్లీమీటరు జరిగినా ముప్ఫై మీటర్ల అవతల గీత చెదిరిపోతుంది.

హాలోజన్‌లోనే ఉండిపోతే

మామూలు 60/55 హెచ్4 నిలకడైన బల్బు. 13.2 వోల్టుల దగ్గర హైకి 1650, డిమ్‌కు 1000 ల్యూమెన్లు (బల్బు ఇచ్చే మొత్తం వెలుగు కొలత) దాని ప్రమాణం. మంచి కంపెనీ బల్బు రెండు మూడు వందల్లో ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. ఎప్పుడు మార్చినా రెండు పక్కలా కలిపి మార్చండి. ఒకటి పోయిందంటే రెండోదానికీ అంతే వయసు. పైగా పాతదాని గాజు లోపల నల్లబడి ఉంటుంది, రెండు కళ్లు రెండు రంగుల్లో కనిపిస్తాయి.

దీనికి పై మెట్టు, అట్టపెట్టె మీద "130 శాతం ఎక్కువ", "150 శాతం ఎక్కువ" అని రాసి ఉండే బల్బులు. వాట్లు అవే. ఫిలమెంటును సన్నగా, బిగుతుగా చుట్టి మరింత వేడెక్కేలా చేస్తారు. ఆ శాతాలు మొత్తం వెలుగుకు చెందినవి కావు, రోడ్డు మీద కొన్ని ఎంచుకున్న బిందువుల దగ్గర, కనీస ప్రమాణంతో పోల్చి చెప్పినవి. అయినా దూరంలో తేడా నిజంగానే కనిపిస్తుంది. వెల ఆయుష్షులో చెల్లించాలి: మామూలు బల్బు కన్నా ఇవి చాలా ముందే పోతాయి. ఛార్జింగు వోల్టేజీ ఎక్కువగా ఉన్న కారులో ఇంకా త్వరగా పోతాయి, ఎందుకంటే వోల్టేజీ 5 శాతం పెరిగితే హాలోజన్ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. రాత్రి ప్రయాణాలు తక్కువ, కానీ చేసినప్పుడు చూపు బాగుండాలి అనేవారికి ఇవి సరిపోతాయి.

నీలం పూత పూసిన "జినాన్ వైట్" హాలోజన్ల జోలికి వెళ్లకండి. ఆ నీలం గాజు పసుపు, ఎరుపు వెలుగును మింగేసి మిగిలింది బయటికి పంపుతుంది. తెల్లగా కనిపిస్తుంది, రోడ్డు మీద పడేది తగ్గుతుంది.

ఇక మన దగ్గర బాగా పాతుకుపోయిన అలవాటు 100/90 వాట్ల హెచ్4. మామూలు బల్బు డిమ్‌లో నాలుగున్నర ఆంపియర్లు లాగితే ఇది ఏడున్నర లాగుతుంది. హైలో ఒక్కో బల్బు ఎనిమిది దాటుతుంది. కంపెనీ వైరు, స్టీరింగు దగ్గరి స్విచ్చు, కప్లర్ ఆ లోడు కోసం చేసినవి కావు. మొదట కప్లర్ గోధుమరంగుకు తిరుగుతుంది, తర్వాత పిన్నులు సడలుతాయి, సడలిన చోట వేడి పెరుగుతుంది, చివరికి కరుగుతుంది. ఫ్యూజు ఎగిరిపోతోందని పెద్ద ఫ్యూజు వేయించడం అన్నిటికన్నా ప్రమాదం. అప్పుడు ఫ్యూజుకు బదులు వైరే కాలుతుంది. ప్లాస్టిక్ గిన్నె ఉన్న హెడ్‌లైట్లలో లోపల వెండిలా మెరిసే పూత కూడా పొంగి లేచిపోతుంది. దాన్ని తిరిగి తెచ్చే మార్గం లేదు.

ఈ కథలో పనికొచ్చే వస్తువు ఒకటుంది: రిలే వైరింగు. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆడించే స్విచ్చు. బల్బు మామూలు 60/55 దే ఉంచి, వైరింగు మాత్రం కొత్తది వేయించండి. బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా రెండున్నర చదరపు మిల్లీమీటర్ల వైరు రిలే 30వ పిన్నుకు, 87 నుంచి బల్బుకు. పాత హెడ్‌లైట్ వైరు 85, 86 పిన్నుల్లో రిలేను ఆడించడానికి మాత్రమే. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరం లోపే ఉండాలి. ఎర్త్ వైరు బాడీకి కలిపే చోట పెయింటు గీకి బిగించాలి. పాత వైరు కోయకుండా కప్లర్లతోనే కలిసే రెడీమేడ్ కిట్లు వెయ్యి రూపాయల లోపే వస్తున్నాయి. వోల్టు వోల్టున్నర పోగొట్టుకుంటున్న పాత కారుకు దీన్ని మించిన బేరం లేదన్నది మా గట్టి అభిప్రాయం.

ఎల్‌ఈడీ బల్బు: లాభం ఎక్కడ, చిక్కు ఎక్కడ

ముందు అంకెలు. డబ్బా మీద 200 వాట్లు, 20,000 ల్యూమెన్లు అని ఉంటే నమ్మకండి. మంచి ఎల్‌ఈడీ వాటుకు సుమారు వంద ల్యూమెన్లు ఇస్తుంది. నిజంగా 200 వాట్లు లాగితే బల్బు వెనక వేడిని లాగే, అరచేతిలో పట్టే ఆ లోహపు తోక, అగ్గిపెట్టెలో సగం ఉండే ఆ ఫ్యాను ఆ వేడిని బయటికి పంపలేవు. కొనేచోట ఆంపియరు మీటరు అడగండి. 12 వోల్టుల దగ్గర రెండు ఆంపియర్లు చూపిస్తే అది 24 వాట్ల బల్బు. అది లోటు కాదు; అసలైన, నిజాయితీ గల అంకె అదే. వేసిన క్షణం కాదు, ఇరవై నిమిషాలు వెలిగాక మళ్లీ కొలిస్తే ఇంకా మంచిది. నాసిరకం బల్బులు వేడెక్కగానే తమను తాము కాపాడుకోవడానికి వెలుగు తగ్గించేసుకుంటాయి.

రెంటచింతల, రామగుండం వైపు వేసవిలో బయటే 45 డిగ్రీలుంటే, ఇంజన్ పక్కన హెడ్‌లైట్ వెనక ఎంత ఉంటుందో ఊహించుకోండి. హాలోజన్‌కు వేడి లెక్కే కాదు, ఎల్‌ఈడీకి అదే శత్రువు. దుమ్ము పట్టి ఫ్యాను ఆగిపోతే వెలుగు పుట్టించే చిప్పు కూడా త్వరలోనే పోతుంది.

ఇప్పుడు అసలు విషయం. ఫిలమెంటు చుట్టూ అన్ని దిక్కులకూ వెలుగుతుంది. ఎల్‌ఈడీ బల్బు రెండు పక్కలకే. ఆ చిప్పులు అతికిన పలక ఎంత పలచగా ఉంటే, చిప్పులు పాత ఫిలమెంటు ఉన్న చోటికి ఎంత దగ్గరగా ఉంటే గిన్నె అంత సరిగా పనిచేస్తుంది. అందుకే కొనేముందు మీ పాత హెచ్4ను పక్కన పెట్టి పోల్చండి: అడుగు పలక నుంచి ఫిలమెంటు దాకా ఉన్న దూరం, చిప్పు దాకా ఉన్న దూరం ఒక్కటేనా? దొప్ప అంచులు ఒకేలా ఉన్నాయా? మందపాటి పలక, పెద్ద పసుపు చిప్పులు ఉన్నదాన్ని పక్కన పెట్టేయండి. జర్మనీలో 2020లో ఓస్రామ్ ఎల్‌ఈడీ హెచ్7 బల్బుకు రోడ్డు మీద వాడేందుకు అనుమతి దొరికినప్పుడు కూడా, పరీక్షించి జాబితాలో చేర్చిన కారు మోడళ్లకే ఇచ్చారు. ఒకే బల్బు ఒక గిన్నెలో చక్కగా, ఇంకో గిన్నెలో చెత్తగా పనిచేస్తుందని ఇంతకన్నా స్పష్టంగా చెప్పలేం.

రిఫ్లెక్టరు గిన్నెలో సరిపడని ఎల్‌ఈడీ వేస్తే రెండు తప్పులు జరుగుతాయి. అడ్డగీత పైన వెలుగు కారి, డివైడరు లేని రోడ్డు మీద ఎదుటివాడిని గుడ్డివాణ్ని చేస్తుంది. రెండోది మనకే నష్టం, కానీ గుర్తించడం కష్టం: కారు ముందు పది పదిహేను మీటర్ల దాకా తెల్లగా వరద వెలుగు. దానికి కంటిపాప ముడుచుకుని, దూరంలో ఉన్న గేదె ఇంకా ఆలస్యంగా కనిపిస్తుంది. డ్రైవరుకు మాత్రం చాలా వెలుగు ఉందనే అనిపిస్తుంది.

ప్రొజెక్టరులో పరిస్థితి కొంత మేలు. లోపలి రేకు గీతను గీస్తుంది కాబట్టి ఎదుటివారికి ఇబ్బంది తక్కువ. అయినా హాలోజన్ కోసం చేసిన ప్రొజెక్టరులో వెలుగు మధ్యన చిక్కగా కేంద్రీకరించకుండా వెడల్పుగా పరుచుకుపోవచ్చు. వేసి చూసి తేల్చుకోవాల్సిందే.

రంగు గురించి ఒక్క మాట. దాన్ని కెల్విన్లలో కొలుస్తారు, అంకె పెరిగేకొద్దీ నీలం పెరుగుతుంది. హాలోజన్ వెలుగు సుమారు 3200 కెల్విన్, బజారు ఎల్‌ఈడీలు 6000 పైన. లంబసింగి మంచులోనూ, జోరువానలో తడిసిన తారు మీదా నీలం కలిసిన తెలుపు కళ్లకు శ్రమ. తీసుకుంటే 4300 నుంచి 5000 మధ్య తీసుకోండి.

వైరింగు చిక్కులు కూడా ముందే అడిగి తెలుసుకోవాలి. టొయోటా, సుజుకీ వంటి జపాన్ మూలం కార్లలో కొన్నిటికి హెచ్4 స్విచ్చు ప్లస్ వైపు కాకుండా ఎర్త్ వైపు ఉంటుంది. అలాంటి కారులో చవక ఎల్‌ఈడీ వేస్తే హై, డిమ్ తారుమారవడం, మీటరులో నీలం లైటు వెలగకపోవడం మామూలు. రిలే కిట్ కొనేటప్పుడు కూడా ఇదే ప్రశ్న అడగాలి. ఎల్‌ఈడీకి కరెంటు సర్దే చిన్న పెట్టె (దాన్నీ డ్రైవరు అనే అంటారు) నాసిరకమైతే ఎఫ్‌ఎం రేడియోలో గరగర వస్తుంది. బల్బు పోయిందని హెచ్చరించే కార్లలో తక్కువ కరెంటు చూసి తప్పుడు హెచ్చరిక వస్తుంది, బల్బు మిణుకుమంటుంది. దాన్ని ఆపడానికి డీకోడరు అనే వేరే పరికరం కావాలి.

హెడ్‌లైట్ విప్పి ప్రొజెక్టరు బిగించడం

తెల్లటి వెలుగే కావాలి, ఖర్చుకు సిద్ధం అంటే సరైన దారి హై, డిమ్ రెండూ ఒకే కటకంలోంచి ఇచ్చే బై-ఎల్‌ఈడీ ప్రొజెక్టరు. ఎల్‌ఈడీ కోసమే మలిచిన కటకం కాబట్టి గీత కత్తితో కోసినట్టు ఉంటుంది. హెడ్‌లైట్‌ను వేడిచేసి విప్పి, లోపల బిగించి, బ్యూటైల్ జిగురుతో మళ్లీ మూయాలి. మంచి సరుకు, కూలి కలిపి పది వేలకు తక్కువ కాదు. జిగురు సరిగా పట్టకపోతే మొదటి వానకే లోపల నీటి బిందువులు కనిపిస్తాయి. పనివాడి దగ్గర ఆరు నెలల కిందట చేసిన కారు ఏదైనా ఉంటే చూడమని మా సలహా.

హెచ్4 బల్బు బిగించే తీరు

లైట్లు, ఇంజన్ ఆపి, బల్బు వెలిగి ఉంటే పది నిమిషాలు చల్లారనివ్వండి. కప్లర్‌ను అటూ ఇటూ కదుపుతూ నేరుగా లాగండి. వైరు పట్టి లాగకండి. రబ్బరు మూత తీసి, స్ప్రింగు క్లిప్పును లోపలికి నొక్కి పక్కకు తప్పిస్తే బల్బు బయటికి వస్తుంది. కొత్త హాలోజన్ గాజును వేలితో తాకకండి. వేలి జిడ్డు ఆ వేడికి గాజులో పట్టి, ఆ చోట గాజు బలహీనపడి బల్బు తొందరగా పోతుంది. పొరపాటున తాకితే ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి ఆరనివ్వండి. మూడు చెవుల్లో వెడల్పుది పైకి వస్తేనే బల్బు సమంగా కూర్చుంటుంది. వంకరగా ఉన్నా క్లిప్పు పడిపోతుంది కాబట్టి, మూత వేసేముందు బల్బును వేలితో కదిపి చూడండి, కదలకూడదు. రబ్బరు మూత అంచు చుట్టూ పూర్తిగా దిగాలి.

ఎల్‌ఈడీ అయితే ముందు గుండ్రటి పట్టీని విడిగా బిగించి, తర్వాత బల్బు దూర్చి తిప్పాలి. హెచ్7, హెచ్11లో చిప్పులు గడియారంలో మూడు, తొమ్మిది గంటల వైపు చూడాలి. ఆరు, పన్నెండు వైపు చూస్తే గీతే ఉండదు.

గురి, ఆ తర్వాత పరీక్ష

టైర్లలో సరిపడా గాలి, డ్రైవరు సీట్లో మనిషి, లెవెలింగు చక్రం (లోపలి నుంచి హెడ్‌లైట్ ఎత్తు మార్చేది) సున్నా మీద. సమతలం నేల మీద గోడకు ఐదు మీటర్ల దూరంలో కారు నిలపండి. నేల నుంచి బల్బు మధ్య ఎత్తు కొలిచి అదే ఎత్తులో గోడ మీద టేపు అంటించండి. డిమ్ గీత ఆ టేపుకు ఐదు నుంచి ఏడు సెంటీమీటర్లు కిందుగా పడాలి. ఒక్కో లైటును గుడ్డతో మూస్తూ రెండోది సరిచేయండి. ఎల్‌ఈడీ వేసిన ప్రతిసారీ ఇది మళ్లీ చేయాలి. ఫోను కెమెరా ఎక్స్‌పోజరు లాక్ చేసి పాత బల్బుది, కొత్తదానిది ఒకే చోటునుంచి ఫొటో తీస్తే గీత పైన కారుతున్న వెలుగు దాచినా దాగదు.

రెండో పరీక్ష చట్టంలోనే ఉంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989లోని 106వ నిబంధన ప్రకారం, దీపానికి 8 మీటర్ల ముందు, బండి కుడి అంచు నుంచి అర మీటరు కుడివైపు, 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కళ్లు చెదరకూడదు. అక్కడ నిలబడి, కాస్త వంగి ఆ ఎత్తుకు కళ్లు తెచ్చి డిమ్‌ను చూడండి. తల తిప్పుకోవాలనిపిస్తే ఆ బల్బు ఆ గిన్నెకు పనికిరాదు. కంపెనీ ఇచ్చిన బండిలో అనుమతి లేని మార్పులకు మోటారు వాహనాల చట్టం 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు ఐదు వేల జరిమానా ఉందన్న సంగతీ గుర్తుంచుకోండి. కారు వారంటీలో ఉంటే వైరు కోయించకండి.

వెనక సీట్లో ముగ్గురు, డిక్కీ నిండా సామాను ఉంటే కారు ముక్కు లేచి, కిందికి చూసే గీత పైకి లేస్తుంది. బయల్దేరేటప్పుడే లెవెలింగు చక్రాన్ని ఒకటికో రెండుకో తిప్పండి. ఎల్‌ఈడీ బల్బు తోక పొడవుగా ఉందని మెకానిక్ రబ్బరు మూతకు రంధ్రం కోస్తానంటే ఒప్పుకోకండి. దుమ్ము, నీరు నేరుగా గిన్నెలోకి పోతాయి, పాత బల్బు మళ్లీ వేసినా ఆ రంధ్రం పూడదు. మూత మూసుకునే పొట్టి తోక బల్బే తీసుకోండి, విప్పిన హాలోజన్ల జతను గుడ్డలో చుట్టి డ్యాష్‌బోర్డులో పెట్టుకోండి. ఘాట్ రోడ్డు మధ్యలో ఎల్‌ఈడీ ఆరిపోతే పది నిమిషాల్లో అదే కప్లర్‌కు అవి తగులుతాయి.